పేరు మీద చెయ్యి

ప్లోవ్‌దివ్ నగరపు ఆసుపత్రిలో ఛాతీ ఎక్స్‌రేలు చదివే డాక్టర్ రుమ్యానా ఏ ఫిల్ము పెట్టినా ముందు మూలనున్న పేరును అరచేత్తో మూసేస్తుంది. పేరు తెలిస్తే కన్ను జాలిపడి అబద్ధమాడుతుందని ఆవిడ భయం. ఆ ఉదయం చూసిన ఫిల్ములో ఊపిరితిత్తుల పైభాగపు రక్తనాళాలు కిందివాటికన్నా లావుగా ఉన్నాయి. పడుకోబెట్టి తీస్తే ఎవరికైనా అలాగే కనబడతాయి.

"పడుకోబెట్టి తీశావా, పెంచో?" అని ఎక్స్‌రేలు తీసి పైకి మోసుకొచ్చే పెంచోని అడిగింది.

"లేదు డాక్టరమ్మా, నిలబడే." ఆ కాస్త మాటకే అతనికి ఆయాసం.

"రెండంతస్తులకే అంత రొప్పుతావేం? ఆ రాకియా తాగుడు తగ్గించు."

అతను నవ్వాడు. ఆవిడ ముందుకు వంగింది. అడుగున, పక్కటెముకల అంచున, వెంట్రుకల్లాంటి సన్నని అడ్డగీతలు. గుండె తోడలేక రక్తం ఊపిరితిత్తుల్లోనే నిలిచిపోతున్న గుర్తులు.

"ఎవరిదిది?"

పెంచో చూపు ఆవిడ అరచేతి మీదికి వెళ్లింది. ఆవిడ చెయ్యి తీసింది. అతని పేరే. లేచి తన కుర్చీ అతనివైపు జరిపింది.

"కూర్చో. ఇకనుంచి ఫిల్ములకి నేనే కిందికొస్తా."