తెనాలిలో ప్యాంటు, రేపల్లెలో నిక్కరు

అమ్మతోడు, ఇందులో ప్రతి మాటా నిజం. ఎనభైల్లో, తొమ్మిదో తరగతికి ముందు వేసవిలో నేనెంత వేగంగా పొడుగయ్యానంటే, తెనాలిలో రైలెక్కినప్పుడు మడమల దాకా ఉన్న ప్యాంటు రేపల్లెలో దిగేసరికి నిక్కరైంది. ఇంతేసి కాళ్లుంటే బాపట్ల పోటీల్లో మైలు పరుగు నాదేననుకున్నాను. తీరా బడిలో సెలెక్షన్ రోజున రెండో రౌండుకే రొప్పుతూ కూలబడ్డాను. నా భుజం దాకా కూడా రాని పొట్టివాడు నన్ను దాటిపోయాడు.

"ఏంట్రా తాటిచెట్టూ, గాలందట్లేదా?" అన్నారు డ్రిల్లు మాస్టారు.

"నన్ను తీసేస్తారా సార్?"

"ఈసారికి వాడెళ్తాడు. నీకు ఒళ్లు పెరిగిందిరా, దాన్ని మోసే దమ్ము ఇంకా పెరగలా. రోజూ పరిగెత్తు, అదే వస్తుంది."

ఏడాదంతా పరిగెత్తాను. మరుసటి ఏడు బాపట్ల వెళ్లింది నేనే. ఒట్టు తీసి గట్టున పెట్టి చెబుతున్నాను, ప్యాంటు సంగతి మాత్రం కల్పితం. అది నిక్కరవడానికి వేసవంతా పట్టింది.