పెద్దింటి అరుగు ఎక్కని వీధి

మొన్న ఉదయగిరి నుంచి మా తమ్ముడి కూతురు ఫోన్ చేసినప్పటి నుంచీ, ఆత్మకూరులో మా ఇంటి వరండాలో కాలు కాలిన పిల్లిలా తిరుగుతూనే ఉన్నాను. అది ఇప్పుడు అక్కడ నర్సుల మీద సూపర్‌వైజరు. ఇంటింటికీ తిరిగే ఆరోగ్య కార్యకర్తలు చాలడం లేదనీ, ఈసారి అన్ని వీధుల నుంచీ, ఉర్దూ మాట్లాడే ఇళ్ళ నుంచీ కూడా ఆడవాళ్ళను తీసుకోవాలని పైవాళ్ళు ఆలోచిస్తున్నారనీ చెప్పింది. నా ప్రాణం లేచి వచ్చింది. మరి ఎంపిక ఎక్కడ పెడుతున్నారే అని అడిగాను.

"ఇంకేడ అత్తా, పెద్దింటి అరుగు మీదనే. నీడుండాది, కుర్చీలుండాయి."

లేచి వచ్చిన ప్రాణం మళ్ళీ ఉసూరుమంది.

మన ఈడు వాళ్ళకు చెప్పనక్కర్లేదు, ఆ రోజుల్లో ఊరికి ఏ ఆఫీసరు వచ్చినా ముందు ఊరి పెద్దాయన అరుగు మీదే కూర్చునేవాడు, మజ్జిగ తాగేవాడు, ఆ తర్వాతే పని. నేను ఉదయగిరిలో కొత్తగా నర్సుగా చేరిన ఏడు ఆరోగ్య కార్యకర్త ఎంపిక కూడా అక్కడే జరిగింది. కొండ కింద చెక్క గరిటెలు చేసే ముస్లిముల వీధి నుంచి ఒక్క ఆడమనిషీ రాలేదు. మగవాళ్ళు చుట్టూ కూర్చున్న ఆ అరుగెక్కి పరదా ఇళ్ళ ఆడవాళ్ళు ఎలా మాట్లాడతారని నేను గొణిగితే, వాళ్ళకు ఇష్టం లేదులే అని డాక్టరు గారు తేల్చేశారు. ఉద్యోగం పెద్దింటి కోడలికి దక్కింది. పాపం, ఆమె మంచిదే. కానీ పెద్దింటి కోడలు వీధులు పట్టుకుని తిరిగితే పరువేం కావాలి? మందులు పాలేరు చేత పంపేది. అతను పరదా ముందు నిలబడి ఆడవాళ్ళను పిలవలేక, ఆ మందులు టీ అంగట్లో మగవాళ్ళ చేతికిచ్చి పోయేవాడు.

ఆ వీధిలో ఒక ఇంటి కోడలికి నెలలు నిండుతుండగా కాళ్ళు, ముఖం వాచాయి. రోజంతా కూర్చుని గరిటెలు నునుపు చేస్తుంది కదా, అందుకే అనుకున్నారు ఇంట్లో. మూర్ఛ వచ్చాకే మాకు కబురు తెలిసింది. ఏదో లారీ ఎక్కించి ఆత్మకూరు ఆసుపత్రికి తెచ్చాం. దారి పొడుగునా ఆమె తల నా ఒళ్ళోనే ఉంది. తల్లి బతికింది, బిడ్డ దక్కలేదు. నలభై రోజుల మైల తీరాక చూడబోతే, ఆమె పరదా వెనక నుంచే అంది, "మేం ఆ అరుగు కాడికి రాలేం నర్సమ్మా. మా వాకిట్లో నిలబడి పిలిచేదాన్ని పెట్టించు." నేను బదిలీ అయ్యేదాకా ఆ వీధికి నేనే తిరిగాను గానీ, ఆ మాట మాత్రం నెరవేర్చలేకపోయాను. ఇప్పటికీ అది తలుచుకుంటే కూర్చోబుద్ధి కాదు.

ఆమెకు తర్వాత పుట్టిన కూతురి కూతురు ఇప్పుడు నర్సు ట్రైనింగు ముగించి, ఆత్మకూరులోనే ఒక ప్రైవేటు ఆసుపత్రిలో పనిచేస్తోంది. కనబడినప్పుడల్లా సొంత వీధిలో పని దొరికితే చాలంటుంది. కానీ ఆ అరుగెక్కడానికి వాళ్ళ అవ్వ ఒప్పుకోదట. ఉర్దూ బడి వరండాలో పెట్టవే, ఇటువాళ్ళూ అటువాళ్ళూ వస్తారు అని మా తమ్ముడి కూతురికి చెప్పాను. "ఆడికి కుర్చీలెవురు మోస్తారత్తా?" అంది.

ఇప్పుడు ఫోన్ చేస్తే అంబులెన్సు వస్తుంది, లారీల కోసం రోడ్డు మీద చేతులెత్తనక్కర్లేదు. పెద్దింటి రాతి అరుగుకు కూడా టైల్స్ పరిచారట. గరిటెల వీధికి మాత్రం అది అప్పుడెంత దూరమో ఇప్పుడూ అంతే దూరం. రేపు మొదటి బస్సుకే ఉదయగిరి పోతున్నాను. ఎవరూ మోయకపోతే, మోకాళ్ళు ఏమన్నా సరే, ఆ పిల్ల కూర్చునే కుర్చీ ఒక్కటైనా ఉర్దూ బడి వరండాకు నేనే మోస్తాను.