నాలుగో చన్ను

మా అమ్మ కాలం నుంచి మా ఇంట్లో ఒక పద్ధతి ఉండేది. గేదెకున్న నాలుగు చన్నుల్లో మూడు పితికి, నాలుగోది దూడకు వదిలేవాళ్ళం. దూడ ముందు కుడిస్తేనే గేదె చేపుతుంది, పాలు పొదుగులోకి దిగుతాయి. ఆ పనికి దాని కూలి అది, అనేది అమ్మ. పెయ్యదూడైనా దున్నదూడైనా కూలి ఒకటే. పెయ్య రేపు పాలిస్తుంది, దున్న రేపు వరిచేలో దమ్ము దున్నడానికి వస్తుంది.

ఊళ్ళోకి ట్రాక్టర్లు వచ్చాక మా దున్నల జత అమ్మేశాను. రెండెకరాల కోసం ఏడాది పొడుగునా వాటిని మేపడం దండగనుకున్నాను. ఎవరూ చెప్పలేదు, నా బుద్ధే.

తరవాత పాలకేంద్రం వీధి చివరికి వచ్చింది. రెండు పూటలా పాలు పోయించుకుని, వెన్న చూసి ధర కట్టేవారు. ఇంట్లో పాడి నా భార్యది. గేదె దాణాకు తవుడూ తెలగపిండీ కొనడం కూడా ఆవిడ పనే. మేం పండించిన ధాన్యం తవుడే మిల్లులో మళ్ళీ కొనుక్కునేవాళ్ళం. దాని ధర మిల్లువాడు చెప్పేవాడు, పాల ధర కేంద్రంవాడు చెప్పేవాడు. రెండు పక్కలా ధర ఇంకొకడు చెబితే దాన్ని వ్యాపారమంటారా? పైగా పాడి పెట్టి బాగుపడండని మాకు మీటింగులు!

మూడో ఈతకు మా గేదె దున్నదూడను వేసింది. నెల తిరక్కుండానే ఆవిడ నాలుగో చన్ను కూడా పితకడం చూశాను.

"అదేంటి, దూడకేదీ?"

"చేపడానికి రెండు గుటకలు తాగిందిగా. చాలండి."

రాజమండ్రిలో కొన్న పశుపోషణ పుస్తకం తెచ్చి, దూడకు ఎన్ని పాలు కావాలో చదివి వినిపించాను.

"ఆ రాసినాయన తవుడు బస్తా కూడా పంపుతాడేమో కనుక్కోండి. రేపు దీన్ని దేనికి కడతారు, ట్రాక్టరుకా? దున్నల్ని అమ్మింది నేనా, మీరా?"

పుస్తకం మూసేశాను. అప్పటికే చాలా ఇళ్ళల్లో దున్నదూడ బతకడం మానేసింది. ఎవరూ చంపరు, కడుపు నింపరు, అంతే. అది పోయాక చర్మంలో గడ్డి కూరి గేదె ముందు నిలబెడతారు. గేదె ఆ బొమ్మనే నాకి చేపుతుంది. లేదంటే ఇంజెక్షను.

చివరికి బేరమాడాను. ఇంట్లో వాడకానికి తీసే పాలు ఆపేద్దాం, నాలుగో చన్ను దూడకిద్దాం.

"పెరుగు లేకుండా ముద్ద దిగుతుందా మీకు?"

"మజ్జిగ కూడా వద్దు."

"చూస్తాగా, ఎన్నాళ్ళో!"

నాలుగు నెలలు చారన్నంతోనే చెయ్యి కడుక్కున్నాను. నన్ను వెక్కిరించిన ఆవిడా అంతే.

దూడ బతికింది. రెండేళ్ళు దాటేసరికి నిగనిగలాడే దున్న అయింది. ఈలోగా కోత మిషన్లు వచ్చాయి. వాటి కింద నలిగిన గడ్డిని పశువులు ముట్టవు. మంచి గడ్డి కొనాల్సొచ్చింది. ఉన్న మేతలో దున్నకు వాటా పోయి గేదె పాలు తగ్గాయి. "గేదెనుంచుకుందామా, దీన్నా?" అని ఆవిడ అడిగింది. ఈసారి ఆ గొంతులో వెటకారం లేదు.

బేరగాడొచ్చి దున్న నడుం తట్టి చూశాడు, తొడ పిసికి చూశాడు. పళ్ళు మాత్రం చూడలేదు. పనికి కొనేవాడు పళ్ళు చూస్తాడు. మాంసానికి కొనేవాడు కండ చూస్తాడు. నాకర్థమైంది.

"దుక్కికి కట్టేవాళ్ళకే ఇప్పించవయ్యా. ధర కొంచెం తగ్గినా పర్లేదు."

"అలాగేనండి బాబుగారూ. ఏ ఊళ్ళో ఉన్నారో మీరే చెప్పండి, అక్కడికే తోలుకెళ్తాను."

అతను వెక్కిరించలేదు, నిజంగానే అడిగాడు. ఆత్రేయపురం వైపు నుంచి మొదలుపెట్టి, కాలవ గట్ల వెంబడి తెలిసిన ఊళ్ళన్నీ మనసులో తిరిగి వచ్చాను. ప్రతి ఊళ్ళోనూ ట్రాక్టరు ఉంది. ఒక్క ఊరి పేరూ నోటికి రాలేదు. పలుపు విప్పి అతని చేతికిచ్చాను.