ఫైర్‌ప్లేస్‌కి పారాణి

మొన్న శనివారం మా ఇంట్లో ఏం జరిగిందో చెప్తాను గానీ ముందే ఒక మాట. ఎవరూ నవ్వకూడదు. నవ్వినవాళ్ళకి రెండో కప్పు టీ లేదు. డెబ్బై ఏళ్ళ మా ఓనరు బార్బరా గుండె మీద చెయ్యేసుకుని "ఈజ్ దట్ బ్లడ్?" అని అడిగిందంటే, ఆ ఘనత మొత్తం నాదే!

ఇక్కడ సిడ్నీలో, టూంగాబీలో మా ఇల్లు మీకు తెలుసుగా. పాతది. హాల్లో ఒక గోడంతా ఎర్ర ఇటుకలు, ఇటుకల మధ్య తెల్లటి సిమెంటు గీతలు, గోడ మధ్యలో ఫైర్‌ప్లేస్. అందులో నిప్పు వేసి ఎన్నేళ్ళయిందో, పొగగొట్టం కూడా మూసేశారు. పైన ఓ చెక్క పలక, కింద లేత రంగు టైల్స్. ఆ గోడంటే నాకు మొదట్నుంచీ పడదు. సోఫాలో కూర్చుంటే ఇటుకబట్టీ ముందు కాపలా కూర్చున్నట్టే ఉంటుంది.

దానికి తోడు సెలవులకి బ్రిస్బేన్ వెళ్ళామా, స్ప్రింగ్‌ఫీల్డ్ లేక్స్‌లో మా ఫ్రెండ్ లావణ్య వాళ్ళింట్లోనూ ఇలాంటి గోడే! కాకపోతే దానికి తెల్లగా లైమ్‌వాష్, అంటే మన వెల్లసున్నమే, వేయించి, పైన ఇత్తడి దీపాలు, పక్కన మొక్కలు పెట్టింది. అబ్బ, ఎంత బావుందో! "నీ గోడ కూడా అప్‌డేట్ చేసుకోవే" అంది తీరిగ్గా. సొంతిల్లు ఉన్నవాళ్ళు ఎన్నయినా చెప్తారు. నాకు కుళ్ళు పుట్టింది, దాచుకోవడం దేనికి?

ఇక్కడ అసలు సంగతి చెప్పాలి. మా లీజు వచ్చే నెలతో అయిపోతుంది. మా మేఘన స్కూలు వీధి చివరే. నాలుగేళ్ళలో మూడు స్కూళ్ళు మారింది పాపం, ఇక్కడికొచ్చాకే దానికో బెస్ట్ ఫ్రెండ్ దొరికింది. "ఐయామ్ నాట్ మూవింగ్ అగెయిన్, అమ్మా" అని పదేళ్ళ పిల్ల కళ్ళనీళ్ళు పెట్టుకుంది. బార్బరా ఏమో, డార్విన్‌లో ఉన్న వాళ్ళబ్బాయి తిరిగొచ్చి ఈ ఇంట్లోనే ఉంటాడేమో, చూడాలి అని ఓ మాట అనేసింది. అప్పట్నుంచి నాకు సరిగ్గా నిద్ర లేదు.

అలాంటప్పుడు ఆ గోడ జోలికి వెళ్ళొచ్చా? వెళ్ళకూడదు. నేను వెళ్ళాను.

ముందు బార్బరాకి మెసేజ్ పెట్టాన్లెండి, అంత బుద్ధిలేనిదాన్ని కాదు. గోడకి కొంచెం డెకరేషన్ చేసుకోవచ్చా అని అడిగాను. "నథింగ్ పర్మనెంట్, లవ్" అని వచ్చింది. అంటే పెయింటు లేదు, మేకులు లేవు. మరి పర్మనెంట్ కానిది ఏముంది? టీ తాగుతూ గోడకేసి చూస్తుంటే టక్కున వెలిగింది. ఎర్రటి గోడ! మా అమ్మమ్మ వాళ్ళింట్లో జాజు పూసిన అరుగు అచ్చం ఇదే రంగు. జాజు మీద ఏం వేస్తారు? తెల్లటి ముగ్గు! పొద్దున్నే నీళ్ళు కొడితే పోతుంది. ఇంతకంటే పర్మనెంట్ కానిది ప్రపంచంలో ఉందా?

"ఆవిడ గోడ కదే, ఇంకోసారి అడగరాదూ?" అన్నారు మా ఆయన.

"బియ్యప్పిండికి కూడా పర్మిషన్ ఏంటండీ!" అని కొట్టిపారేశాను.

బియ్యం నానబెట్టి, మిక్సీలో వేసి, గుడ్డ ముంచుకుని ఫైర్‌ప్లేస్ చుట్టూ తీగముగ్గు లాగాను. ఏం వచ్చిందండీ! అక్కడితో ఆగానా? చెక్క పలక కింద ఇటుకల మధ్య ఆ గీతలు మరీ బోసిగా కనిపించాయి. పసుపు నీళ్ళలో కలిపి, పాత టూత్‌బ్రష్‌తో ఒక్కో గీతా నింపుకుంటూ పోయాను. గడపకి పూసినట్టే కదా అనుకున్నాను. మేఘన స్కూల్నుంచి వచ్చి "ఇట్స్ సో ప్రెటీ!" అంది. లావణ్యకి ఫొటో పంపితే కుళ్ళుకుంటున్న ఎమోజీ ఒకటి పంపింది. నేను ఆకాశంలో ఉన్నాను.

గురువారం సాయంత్రం బార్బరా మెసేజ్. "హాయ్ లవ్, సాటర్డే ఆర్వో వస్తాను. లీజ్ గురించి మాట్లాడాలి." ఆర్వో అంటే వీళ్ళ భాషలో మధ్యాహ్నం.

పరుగున వెళ్ళి తడిగుడ్డతో తుడిచాను. బియ్యప్పిండి కాసేపు మొండికేసి వదిలింది. పసుపు మాత్రం కదల్లేదు! సిమెంటు గీతలు దాన్ని తాగేశాయి. సరే, బట్టల సబ్బు పౌడర్ నీళ్ళలో కలిపి బ్రష్‌తో గట్టిగా రుద్దాను.

ఎర్రబడింది.

ఒక గీత కాదు, మొత్తం! పసుపంతా చిక్కటి ఎరుపైపోయి, కిందికి కారి, టైల్స్ మీద ధారలు కట్టింది. బాబోయ్! ఇంటర్నెట్‌లో చూస్తే ఎలాంటి మరకకైనా బేకింగ్ సోడా అన్నారు. వేశాను. ఇంకా ఎర్రబడింది. మా ఆయన ఆఫీసు నుంచి వచ్చి, బ్యాగు భుజం మీద ఉండగానే "ఎవర్ని చంపావే?" అన్నారు.

ఏడుపొచ్చేసింది. కాకినాడకి వీడియో కాల్ చేసి అమ్మకి గోడ చూపించాను. అమ్మ కళ్ళద్దాలు సర్దుకుని రెండు నిమిషాలు చూసి, "పసుపులో సున్నం కలిపితే ఏమవుతుందే?" అంది.

"పారాణి."

"మరి సబ్బు, సోడా పోసినా అంతే. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ చదివించాను నిన్ను."

ఆ మాట మా ఆయన విన్నారు. ఈ జన్మకి చాలు ఆయనకి.

నిమ్మకాయ రుద్దమంది అమ్మ. రుద్దితే మళ్ళీ పసుపైంది. సబ్బు పెడితే మళ్ళీ ఎరుపు. శుక్రవారమంతా అదే పని. చివరికి మా ఆయన "ఇదిగో, ఏదో ఒక రంగు ఖాయం చేసుకో, నా భుజాలు పడిపోతున్నాయి" అన్నారు. మేఘన మాత్రం గదిలోకెళ్ళి వాళ్ళ ఫ్రెండ్ ఇచ్చిన బ్రేస్‌లెట్ తిప్పుకుంటూ కూర్చుంది. అది తిట్టినా బావుండేది.

శనివారం పొద్దున ఇంకో తెలివి పుట్టింది. నా ఆకుపచ్చ మంగళగిరి చీర తీసి, చెక్క పలక మీంచి ఫైర్‌ప్లేస్ ముందుకి తెరలా వేలాడదీశాను. మేకులు కొట్టకూడదుగా, అందుకని జారకుండా బరువులు పెట్టాను. ఒక కొసన ఇడ్లీ కుక్కర్, ఇంకో కొసన చిన్న రోలు. రోట్లో పూలు కూడా పెట్టాను, డెకరేషన్‌లా ఉంటుందని.

మధ్యాహ్నం బార్బరా వచ్చింది. చేతిలో ఒక కవరు. టీ ఇచ్చాను, బావుందంది. నేరుగా చీర వైపు చూసి "వాట్ ఎ గార్జియస్ క్లాత్!" అంది. థాంక్యూ అని ఊరుకోవచ్చా లేదా?

"దాని వెనక ఏమీ లేదు!" అన్నాను ఇంగ్లీషులో, గట్టిగా.

బార్బరా బిత్తరపోయింది. "సారీ, లవ్?"

"గోడే ఉంది. మీ గోడే. ఉత్త గోడ."

మేఘన మొహం అరచేతుల్లో దాచుకుంది. మా ఆయన సీలింగ్ చూస్తున్నారు. బార్బరా నా కంగారేం పట్టించుకోకుండా కప్పు కింద పెట్టి, మెల్లగా చెప్పడం మొదలెట్టింది. ఆ గోడ వాళ్ళాయన టెడ్ కట్టాడట. తాపీ పని రాకపోయినా నేర్చుకుని, శనివారాలు, ఆదివారాలు ఒక్కో వరుసా పేర్చాడట. ఆయన పోయి ఆరేళ్ళయిందట.

ఇంక నా వల్ల కాలేదండీ. ఆ మాట విన్నాక కూడా దాస్తే నేను మనిషిని కాను. లేచి చీర ఒక్క లాగు లాగాను. ఇడ్లీ కుక్కర్ దభీమని పడి, ప్లేట్లన్నీ హాలంతా దొర్లాయి. రోలు మా ఆయన గాల్లో పట్టుకున్నారు. ఎర్రటి ధారలతో గోడ బయటపడింది.

"ఈజ్ దట్ బ్లడ్?"

"నో నో, టర్మరిక్!"

"ఇట్స్ ఫుడ్, బార్బరా" అంది మేఘన సన్నగా.

మొత్తం చెప్పేశాను. ముగ్గు, పసుపు, సబ్బు, సోడా, లావణ్య మీద కుళ్ళుతో సహా. నమ్మదేమోనని మా ఆయన నిమ్మచెక్క తెచ్చి రుద్ది చూపించారు. ఎరుపు పసుపైంది. బార్బరా నిమ్మచెక్క లాక్కుని తనే ఇంకో గీత రుద్దింది. తర్వాత ఇంకోటి. ఆ పైన గోడకేసి చూసి, "ఈ గోడని ఎవరూ పాడు చేయలేరని టెడ్ ఎప్పుడూ అనేవాడు" అంది.

ఆవిడ కవర్లోంచి కాగితాలు తీసింది. లీజు! సంతకం ముందే పెట్టి తెచ్చింది. అబ్బాయి డార్విన్‌లోనే ఉంటున్నాడట. ఆ సంతోషం అరనిమిషం కూడా లేదు, పెన్ను తీసి ఏదో రాయడం మొదలెట్టింది. కొట్టేస్తోందనే అనుకున్నాను. మేఘన నా చెయ్యి పట్టుకుంది, గోళ్ళు దిగాయి.

కాగితం నా చేతికిచ్చింది. రెండేళ్ళ లీజు. పెంపుడు జంతువులు కూడదు, సిగరెట్లు కూడదు, దాని కింద బార్బరా చేతిరాతలో కొత్త షరతు: ఇటుకల మీద పసుపు కూడదు. వచ్చే ఇన్‌స్పెక్షన్‌కి గోడ మామూలుగా ఉండాలి.

మేఘన గెంతిన గెంతుకి కింద పడ్డ ఇడ్లీ ప్లేట్లు మోగాయి. నేను బార్బరాని పట్టుకుని ఏడ్చేశాను, ఆవిడ జాకెట్టుకి కాస్త పసుపు కూడా అంటించాను.

ఆవిడ ఇల్లు చూసుకోవడానికొచ్చే ఆ ఇన్‌స్పెక్షన్‌కి ఇంకా మూడు నెలల టైముంది. పసుపు మరక ఎండకి తప్ప పోదని అమ్మ తేల్చి చెప్పింది. మా హాల్లోకి ఎండెక్కడిది? అందుకే బెడ్‌రూమ్ నిలువుటద్దం తెచ్చి, వెనక డోర్ దగ్గర పెట్టి, ఎండని గోడ మీదికి కొడుతున్నాను. సూర్యుడు కదిలినప్పుడల్లా అద్దం జరపాలి. సిడ్నీలో ఎండ కాస్తే అందరూ బీచ్‌కి పోతారు, నేను మాత్రం ఎండని పట్టుకొచ్చి ఇంట్లో గోడకి ఆరేస్తున్నాను!