తోడికోడలి మీదికి తోలిన శని

టైలరక్కకు తోడికోడలంటే ఒళ్ళుమంట. ఒకే కొట్టును ప్లైవుడ్ చెక్కతో రెండు చేసుకుని, ఇటు ఈమె బట్టలు కుట్టేది, అటు చిన్నామె బ్యూటీ పార్లర్ నడిపేది. చెక్క అవతల పొద్దస్తమానం పాటలే. "కాస్త తగ్గించవే" అంటే మరింత హోరెత్తేవి. ఆ హోరులో కొలత తప్పుగా విని, ఒకాయన ప్యాంటు పొట్టిగా కత్తిరించి, నానా మాటలూ పడింది.

ఆ సాయంత్రం కూతురు ఫోన్‌లో ఏదో వింటోంది. ఖాళీ పైపులో ఈదురుగాలి దూరినట్టుంది.

"ఏంటే ఆ దయ్యాల గోల?"

"శనిగ్రహం అమ్మా. అక్కడికెళ్ళిన నౌక పట్టిన రేడియో తరంగాల్ని మనకి వినపడేలా మార్చారు."

టైలరక్క కళ్ళు మెరిశాయి. "నా ఫోన్‌లో వెయ్యి."

మర్నాడు స్పీకర్‌ను చెక్కకు ఆనించి, వాల్యూమ్ పెంచింది. అవతల మొహానికి పూత పూయించుకుని కళ్ళు మూసుకున్న ఒకావిడ కెవ్వుమంది. తోడికోడలు చేతిలో దువ్వెనతోనే వచ్చిపడింది.

"ఏంటక్కా ఆ ఏడుపు?"

"శని."

"నా కొట్టు మీదికి శనిని తోలతావా?"

"నీ పాటలాపు, నా శనిని ఆపుతా."

ఎవరూ తగ్గలేదు. వాళ్ళ మొగుళ్ళు, అన్నదమ్ములిద్దరూ, కొట్టు వైపు రావడమే మానేశారు. చివరికి పాటలే ఆగాయి. టైలరక్క గెలిచాననుకుంది. తీరా చూస్తే, అవతల కుర్చీల్లో ఆడవాళ్ళు ఆ శబ్దానికి హాయిగా గుర్రుపెడుతున్నారు. "మీ కోసం నేనే పెట్టించా" అని చిన్నామె గొప్పలు పోవడం చెవిన పడింది.

అరికాలి మంట నెత్తికెక్కింది. అసలు సంగతి, ఆ శబ్దం టైలరక్కకూ అలవాటైపోయింది. అది వింటూ కుడుతుంటే తిట్లూ కొట్లాటలూ గుర్తుండేవి కావు. మనిషన్నవాడు లేని చోటు నుంచి వచ్చే ఆ ఊళ తనొక్కదానిదే అనిపించేది. అటువంటిది దీనికెందుకు పంచాలి? స్పీకర్ తీసేసి ఇయర్‌ఫోన్లు పెట్టుకుంది.

రెండు రోజులకు చిన్నామె గుమ్మంలో నిలబడింది, గొంతులో తేనె పోసుకుని.

"అక్కా, ఆ శనిని నా ఫోన్‌కి పంపవూ?"

టైలరక్క ఒక చెవి ఖాళీ చేసుకుంది. "పంపను."

"అందరూ అడుగుతున్నారక్కా!"

"అడగనీ."

ఆ పూటతో ఇద్దరి మధ్యా మాటలు పోయాయి. చిన్నామె చెక్క గుద్ది మరీ శాపనార్థాలు పెడుతుంది. టైలరక్క తలెత్తకుండా మిషను తొక్కుతూ ఉంటుంది, పెదవుల మీద చిన్న నవ్వుతో.