సంచీలో కోడి నవ్వుతోంది

మా అమ్మాయి కేసు గెలిచిందండీ! కటింగ్ మాస్టరు నిర్దోషి అని జడ్జిగారు చెప్పేశారు, ఆయన ఇంటికెళ్ళిపోయాడు! ఈ మాట ముందు చెప్పకపోతే నాకు ఊపిరాడదు. రెండో మాటా ఉంది. తీర్పు వచ్చిన మర్నాడు పొద్దున్న, టీ తాగి మంచం మీద అలా వాలి, మా పక్కింటి మామ్మ పోయింది. కబురు వినే పోయింది. అందుకే ఏడుస్తూ కూడా గుండె తేలిగ్గా ఉంది.

ఆవిడ గురించి రాయమని మన తెలుగు సంఘం పత్రికవాళ్ళు అడిగారు. గార్డెన్ రీచ్ ఓడల కార్ఖానాలో క్రేన్ నడిపినవాణ్ణి, ఐదో తరగతితో చదువు సరి. తప్పులుంటే మీరే సర్దుకోండి.

అమ్మాయి చిన్నప్పుడు ఖిదిర్‌పూర్ బజారులో పాత పుస్తకాల కుప్పలోంచి ఒక బొమ్మల పుస్తకం తెచ్చాను. బెంగాలీది. ఈ బెంగాలీవాళ్ళ ఊళ్ళోనే పుట్టాను, బెంగాలీ గడగడా మాట్లాడతాను, చదవడం మాత్రం రాదు. మా ఆవిడకీ రాదు. మామ్మకైతే ఏ భాషలోనూ రాదు. అయినా కథ చెప్పడానికి ఆవిడే కూర్చుంది! ఇడ్లీలు అమ్మడం అయ్యాక చేతులు కడుక్కుని, చెంగుతో బాగా తుడుచుకుంటే గాని పేజీ ముట్టేది కాదు.

బొమ్మల్లో ఒక నక్క. భుజాన సంచీ. సంచీలోంచి తొంగిచూస్తూ కోడి. వెనక కర్రలతో ఊరంతా పరుగు.

"కోడికి కాలిరిగిపోనాది," అని మొదలుపెట్టేది మామ్మ. "నక్క బావ ఆస్పత్రికి ఎత్తుకెల్తన్నాడు. ఊరోళ్ళకి తెలీక తరుముతన్నారు."

"వాళ్ళకి చెప్పొచ్చు కదా మామ్మా?"

"ఎవుడింటాడే గుంటా? మూతి పొడుగ్గా ఉంది, దొంగే అనీసుకున్నారు. మూతి దేవుడిచ్చింది. సంచీ ఇప్పి సూడాల కదా?"

రోజూ అదే కథ. కోడి కాలికి కట్టు కట్టేదాకా మా పిల్ల ముద్ద మింగేది కాదు.

బడిలో బెంగాలీ అక్షరాలు వచ్చాక ఒకరోజు ఏడుపు మొహంతో పరుగెత్తుకొచ్చింది. "మామ్మా, దొంగ నక్క అనే రాసుంది! కోడిని తినడానికే తీసుకెళ్తోందట!"

మామ్మ పుస్తకం కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసింది. "రాసినోడు బొమ్మ సూసుండడు. ఇదిగో, కోడి నవ్వుతన్నాది. తినీసేవోడి సంచీలో ఎవులైనా నవ్వుతారేటి?"

నేను చూశాను. నిజంగానే ముక్కు కాస్త పైకి వంగి, నవ్వినట్టే ఉంది! మా పిల్ల కళ్ళు తుడుచుకుని, రాసింది వదిలేసి మామ్మ కథే ఉంచుకుంది.

ఇంకో ముచ్చట. మా ఇంట్లో స్టీలు గిన్నె కనబడలేదు. గిన్నెలు తోమే మనిషి మీద మా ఆవిడ అనుమానం. "ఆమె సంచీ చూశావా? మరెలా అన్నావు?" అని అమ్మాయి తల్లితో దెబ్బలాడి ఇల్లిల్లూ వెతికింది. గిన్నె మామ్మ వంటింట్లో దొరికింది. కూర వేసి పంపింది మేమే! "నానే దొంగని, పట్టుకుపోండి," అని మామ్మ రెండు చేతులూ చాపి నిలబడింది. తోమే మనిషి కూడా పగలబడి నవ్వింది.

ఆ పిల్లే ప్లీడరైంది. మెటియాబ్రుజ్‌లో దర్జీ కార్ఖానా కటింగ్ మాస్టరు గుడ్డ కట్టలు దొంగిలించాడని కేసు. ఆయనవి గుంట కళ్ళు, బుగ్గ మీద కత్తి గాటు. "మొగం సూత్తేనే తెలీటం నేదా? ఈ కేసు నీకెందుకే?" అంది మా ఆవిడ. నాకూ భయమే. ఓడిపోతే ఆయన జైలుకి, ఇద్దరు పిల్లలు రోడ్డు మీదికి. మా అమ్మాయికి మళ్ళీ కేసెవరిస్తారు?

కోర్టులో కూర్చుని విన్నాను. ఆయన సంచీతో వెళ్ళడం చూశామని సాక్షులందరూ చెప్పారు. మా అమ్మాయి ఒక్కొక్కరినీ అడిగింది: "సంచీ తెరిచి చూశారా?" ఎవరూ చూడలేదు. అందులో ఉన్నవి పిల్లల బొంతకని తను తీసుకెళ్ళమన్న పీలికలేనని చివరికి యజమానే ఒప్పుకున్నాడు. కట్టలేమో వేరే గోడౌన్లో భద్రంగా ఉన్నాయని రుజువైంది. నా పక్కన కూర్చున్నాయన ఎవరో తెలీదు, ఆయన్నే కావలించుకున్నాను!

ఆ సాయంత్రం అమ్మాయి నల్లకోటు విప్పకుండానే మామ్మ మంచం మీద కూర్చుంది.

"నక్క బావ ఇంటికెల్లినాడా?"

"వెళ్ళాడు మామ్మా. వాళ్ళావిడ గుమ్మంలోనే నిలబడి ఉంది."

"కోడి?"

"కోడి కూడా క్షేమం."

"మరింకేటి? టీ ఎట్టు."

ఇక కబురు అందాల్సినవాళ్ళు: సోంపేటలో మామ్మ తమ్ముడు, బరంపురంలో ఆవిడ మేనకోడలు, ఖరగ్‌పూర్‌లో మా బావమరిది, టాటానగర్‌లో మా పెద్దమ్మ కూతురు, విశాఖలో మా చిన్నాన్న కొడుకు. చావు కబురు ముందు చెప్పాలని మా ఆవిడ అంటుంది. గెలుపే ముందు చెబుతాను, మామ్మ అడిగే వరస అదే.

ఇంకొక్కడున్నాడు. పుస్తకం మామ్మ తలగడ పక్కనే ఉంది. చివరి పేజీలో నక్క బావ ఇంకా దారిలోనే ఉన్నాడు, భుజాన సంచీ, దూరంగా ఒక కిటికీలో దీపం. అతనికీ చెప్పాలి.