టాంజానియాకు పోయేముందు పినపాక అడవిలో ఒక పరీక్ష

టాంజానియాలోని ఒక చిన్న బడికి మూడు నెలలు వలంటీరుగా వెళ్లే అవకాశం మా చర్చి ద్వారా వచ్చింది. పాస్‌పోర్టు చేతికొచ్చింది, నేను లెక్కలు చెప్పే ప్రైవేటు స్కూల్లో జీతం లేని సెలవూ దొరికింది, పెనుబల్లిలో మా వీధంతా గొప్పగా చెప్పుకోవడమూ అయిపోయింది. అప్పుడు మమ్మల్ని పంపించే చర్చి పెద్దాయన ఒక మెలిక పెట్టారు. మన భాష రాని పిల్లలకు ముందు ఇక్కడే ఒక గంట బొమ్మలతో, సైగలతో పాఠం చెప్పి, ఆ బడి సారుతో కాగితం రాయించుకుని రావాలట. లేకపోతే నా బదులు ఇంకొకరు వెళ్తారు. "నోరు తెరిచి చెప్తేనే మీ పిల్లలకు అర్థంగాదు. నోర్మూసుకొని ఏం చెప్తరు?" అంది మా ఆవిడ. నాకూ లోపల అదే భయం.

పినపాక అవతల అడవి అంచున ఒక కోయపల్లెలో బడి ఖాయమైంది. మార్చి నెలాఖరు. పెనుబల్లిలో ఐదింటి బస్సెక్కితే చండ్రుగొండ మీదుగా కొత్తగూడెం చేరేసరికి ఆరున్నర, టికెట్టు ఇరవై రెండు రూపాయలు. అక్కడ ఇడ్లీ తిని, ఇరవై ఎనిమిది పెట్టి మణుగూరు బస్సెక్కితే తొమ్మిదికల్లా దింపాడు. అక్కణ్ణుంచి ఆటో కిరాయి నూట ఇరవై.

"ఇప్పుడే పోయి ఏంజేస్తరు సారు? పిల్లలు ఇప్పపూలు ఏరబోయుంటరు. పది దాటినంకనే బడి," అన్నాడు ఆటో డ్రైవరు. "ఎలుగుబంట్లు గూడ గా పూలకే వస్తయ్. అందరు పైలంగ ఉంటరు, కనబడితే పళ్లేలు మోగించి తరుముతరు." నేను ఊఁ కొడుతూ సంచిలోని బొమ్మల అట్టలు సరిచూసుకున్నాను. వినడం వేరు, చెవినేసుకోవడం వేరు.

పదిన్నరకు పాఠం మొదలుపెట్టాను. బడికి ఒక్కరే సారు, ముత్తయ్య గారు. నా కాగితం పట్టుకుని వెనక స్టూలు మీద కూర్చున్నారు. "మీరు చెప్పుండ్రి సారు. నేను నోరిప్ప," అన్నారు. ముందు కోయ తప్ప తెలుగు రాని ఇరవై మంది ఒకటో తరగతి పిల్లలు. ఓడ బొమ్మ చూపించాను. చూశారు. యాపిల్ చూపించాను. దాన్నీ అలాగే చూశారు. అరగంట గడిచేసరికి చొక్కా తడిసిపోయింది, టాంజానియా చేజారిపోతోందని తెలుస్తూనే ఉంది. ఇక సిగ్గు విడిచి కోడిలా కూశాను. ఒక పిల్ల నవ్వింది. ఆ నవ్వు చూసి నాకు ఊపొచ్చింది. నడుం వంచి, రెండు చేతులూ పంజాల్లా పైకెత్తి, గుర్రుమంటూ ఎలుగునయ్యాను.

నవ్విన పిల్లే ఏదో ఒక్క మాట అరిచింది. అంతే, పిల్లలందరూ సంచుల్లోంచి అన్నం పళ్లేలు తీసి టంగుటంగున మోగిస్తూ బయటికి పరుగెత్తారు. వాళ్లు పరుగెత్తితే నేనూ పరుగెత్తాను. ఆ ఎలుగు నేనేనని అప్పటికి తట్టలేదు.

క్షణాల్లో ఊరు ఊరంతా కర్రలతో వచ్చి పడింది. గొడ్డలి పట్టుకున్న ఒక పెద్దాయన ఆ పిల్లను కోయలో ఏదో అడిగాడు. ఏమడిగాడో నాకు ఎవరూ చెప్పక్కర్లేదు. పిల్ల వేలు తిన్నగా నా వైపు చూపించింది. ఆయన నన్ను కిందికీ మీదికీ చూసి, గొడ్డలి కింద పెట్టి, నవ్వు ఆపుకోలేక కూలబడ్డాడు.

నా పని అయిపోయిందనుకున్నాను. కాగితం తీసుకునేటప్పుడు ముత్తయ్య సారు ముఖంలోకి చూడలేకపోయాను. ఇంటికొచ్చాక మా ఆవిడే విప్పి పైకి చదివింది. "భాష రాని పిల్లలకు విషయం అర్థమయ్యేలా చెప్పగలరా?" అన్న ప్రశ్న కింద, గుండ్రటి అక్షరాలతో, "చెప్పగలరు. ఊరందరికీ అర్థమైంది" అని ఉంది.

పద్దెనిమిదేళ్లుగా పాఠాలు చెబుతున్నాను. నేను చెప్పింది విని క్లాసు క్లాసంతా కదిలింది ఆ ఒక్కరోజే. ఆ కాగితం చూస్తే ఇప్పటికీ సంతోషంగా ఉంటుంది. చర్చి పెద్దాయన ఒప్పుకున్నారు, జూన్‌లో బయల్దేరుతున్నాను. మీరూ ఇలా వెళ్లేటట్టయితే ఒక్క మాట: ఇప్పపూల రోజుల్లో కోడి దగ్గరే ఆగిపోండి.